రెండు మూపురాల వెలుగు

సెమినార్ హాల్లో మూడో వరసలో, నడవ పక్క కుర్చీలో కూర్చుంది ఆమె. పేరు పిలిస్తే ఎవరి కాళ్లూ తొక్కకుండా లేచి వెళ్లొచ్చని కావాలనే ఆ కుర్చీ చూసుకుంది. ఇస్త్రీ నలుగుతుందని వీపు వెనక్కి ఆనించలేదు కూడా. అంత ముందుచూపు గల మనిషి.

వేదిక మీద ప్రొఫెసరుగారు మంచి ఊపులో ఉన్నారు. ఆయనకు చెప్పడం వచ్చు. గిట్టనివాళ్లు కూడా ఆ మాట ఒప్పుకుంటారు.

"నక్షత్రాల మధ్య చోటంతా ఖాళీ అనుకుంటాం. కాదు, అక్కడ చల్లటి మబ్బులున్నాయి. వాటిల్లో ఉన్నది దాదాపు అంతా హైడ్రోజనే. రెండేసి పరమాణువులు జతకట్టి అణువులై తిరుగుతుంటాయి. కానీ ఆ చలిలో ఈ అణువు పరమ మూగది. ఉలకదు, పలకదు. అందుకే ఇన్నాళ్లూ దాని పక్కనుండే దుమ్మునో, కార్బన్ మోనాక్సైడ్‌నో వెతుక్కుని, అవి ఉన్నాయి కాబట్టి ఇదీ ఉండి ఉంటుందిలే అనుకుంటూ వచ్చాం. మరి అవి సరిగ్గా కనిపించని చోట?"

హాలంతా ఓసారి కలియజూసి, కాసిని నీళ్లు తాగారు.

"అక్కడ నక్షత్రాల అతినీలలోహిత కాంతి మనకు సాయం వస్తుంది. అది తగిలితే అణువు దాన్ని మింగి పై మెట్టెక్కుతుంది. ఎక్కి అక్కడ నిలవలేదు. దిగుతూ దిగుతూ మింగినదాన్ని వెలుగుగా కక్కేస్తుంది. ఆ వెలుగూ అతినీలలోహితమే. మన కంటికి ఆనదు, గాలి పొర దాన్ని నేల దాకా రానివ్వదు. పైన తిరిగే ఉపగ్రహానికి మాత్రం దొరుకుతుంది. మా ఉపగ్రహానికి దొరికింది. ఎవరూ ఏమీ లేదనుకున్న చోట ఒక పెద్ద మబ్బు దొరికింది."

తెర మీద ఒక వంకర గీత వచ్చింది. నేల బారుగా వస్తూ వస్తూ రెండుచోట్ల ఉబ్బి మళ్లీ కిందకు దిగింది.

"ఇదే ఆ అణువు వేలిముద్ర. చూడండి, రెండు మూపురాలు. దీనికి నేను ఒంటె అని పేరు పెట్టుకున్నాను."

అందరూ నవ్వారు. అలవాటుగా ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగానే మొహం మీది నవ్వు ఏం చేయాలో తెలియనట్టు అక్కడే ఆగిపోయింది. ఎనిమిది నెలల కిందట ఆయన గదిలో కాగితం బల్లమీద పెట్టి, "సార్, ఇదేదో ఒంటెలాగా ఉంది, ఒకసారి చూస్తారా?" అని అడిగింది తనే. ఆయన ఆ కాగితం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "అమ్మా, ఇది గనక నిజమైతే నా పేరు పక్కన నీ పేరు ఉంటుంది" అన్నారు. అడగకుండానే అన్న మాట అది.

చివరి తెర వచ్చింది. నాలుగు పేర్లు. ఆమె పై నుంచి కిందకు చదివింది, కింది నుంచి పైకి చదివింది. అట్టడుగున చిన్న అక్షరాల్లో 'సహకారం: దత్తాంశ విభాగం' అని ఉంది. చప్పట్లు మొదలయ్యాయి. ఆమె చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

బయట వరండాలో ఆయన చుట్టూ జనం పలచబడేదాకా నిలబడింది.

"సార్, నా పేరు..."

"మీ విభాగం పేరు వేశాను కదమ్మా."

"విభాగం కాదు సార్. మీరు మాటిచ్చారు."

ఆయన ఆమె భుజం మీదుగా ఎవరికో చెయ్యి ఊపి, గొంతు తగ్గించారు. "నువ్వు చూశావు, కాదనను. కానీ చూడటం వేరమ్మా, తేల్చడం వేరు. పేపరంటే తేల్చినవాళ్లది. నువ్వు తెలివైనదానివి, నీకు వేరే చెప్పాలా?"

తెలివైనదానివి అన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

నాలుగు కొట్టేసరికి ఆమె మెట్లు దిగి కింద బైండింగు గదికి వెళ్లింది. అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ అక్కడ ఉంటుంది. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలన్నీ ఆ గదికి వస్తాయి, అట్టలు కట్టించుకుని వెళతాయి. ఒకప్పుడు పెద్దక్క కూడా పైన దత్తాంశ విభాగంలో పనిచేసింది. తొమ్మిదేళ్ల కిందట చూపు మందగించిందని ఒక కాగితం చేతిలో పెట్టి కిందకు పంపించారు. సన్న సూదిలో దారం మాత్రం ఇప్పటికీ ఒక్క విసురుకే ఎక్కిస్తుంది.

రోజూ నాలుగింటికి ఇద్దరూ కలిసి టీ తాగుతారు. పెద్దక్క ఫ్లాస్కు పక్కన రెండు గాజు గ్లాసులు బోర్లించి ఉంటాయి. ఒకదాని మీద గోళ్ల రంగుతో పదకొండు అని రాసి ఉంటుంది. అది ఆమె నంబరు. దత్తాంశ విభాగంలో మనుషులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. ఉపగ్రహం నుంచి వచ్చిన ప్రతి ఫ్రేమూ చూసినవాళ్లు తమ నంబరు కొట్టి, ఉంచాలో తీసెయ్యాలో పక్కన ఒక ముక్క రాయాలి. ఒకసారి రాసింది ఎవరూ చెరపలేరు. పెద్దక్క నంబరు మూడు. పెద్దక్క వెళ్లాక ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. పెద్దక్క జిగురు కుంచె గిన్నె అంచుకు గీస్తూ వింది.

"ఒంటె అన్నాడా?" కుంచె ఒక్క క్షణం ఆగింది. "బాగుంది మాట."

"నా మాట అది, పెద్దక్కా! నా నోటి మాట కూడా వదల్లేదు."

"వాడి మొహం మండ! నన్ను కిందకి తోసిందీ ఆయనే. అప్పుడు విభాగం ఆయన చేతిలోనే ఉండేది. ఎవరి చెవిలో ఏం ఊదాడో, ఒక్క రోజులో నా కళ్లు పోయాయన్నారు. నేను ఊరుకున్నాను. నువ్వు ఊరుకోకు." పెద్దక్క గ్లాసు నిండా టీ పోసి ఆమె ముందుకు జరిపింది. "అభ్యంతర పత్రం ఉంటుంది, వెయ్యి. పేపరు అచ్చుకు పోకముందే వెయ్యాలి."

"శుక్రవారం మధ్యాహ్నం దాకా టైముంది."

"ఇంకేం మరి! ఆ ఫ్రేముల రికార్డంతా తెప్పించు. మొదటి రోజు నుంచీ పెట్టాలి, లేకపోతే తీసుకోరు. నంబరు అబద్ధం చెప్పదు. నీ పదకొండు కనపడుతుందిగా, అప్పుడు చూద్దాం ఆయన మొహం."

టీ వేడికి కాదు గానీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ భవనం మొత్తంలో తన పక్షాన నిలబడే మనిషి ఒక్కతే ఉందనిపించింది.

ఇంటికి వెళ్లి భర్తకు చెబితే ఆయన విని విని, చేతిలో ఉన్న కళ్లజోడు ఫ్రేము బల్లమీద పెట్టాడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. పని సగం ఇంటికే తెచ్చుకుంటాడు.

"నా దగ్గరకొచ్చేవాళ్లందరికీ కనపడకపోవడం బాధ. నీకు కనపడ్డందుకు వచ్చింది తంటా."

"హాస్యాలొద్దండీ. కడుపు మండిపోతోంది."

"హాస్యం కాదే. పత్రం వెయ్యి. ఎనిమిది నెలలు ఆదివారాలు కూడా వెళ్లావు. పిల్లదాని పుట్టినరోజున కేకు కోసే టైముకు కూడా రాలేదు నువ్వు. ఊరికే వదిలేస్తావా?"

వదిలెయ్యనంది ఆమె.

మంగళవారం పొద్దున్నే రికార్డు గదిలో అర్జీ ఇచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఎనిమిది నెలల కిందట, పాత ఉపగ్రహం పని ముగిసిందని, తీసేసిన ఫ్రేములన్నీ దాచేముందు ఇంకోసారి తిరగెయ్యమన్నారు. ఆ పని మీద కూర్చున్నప్పుడే ఒంటె కనపడింది. కొత్త సాఫ్ట్‌వేరులోకి ఫ్రేములు వచ్చాయి గానీ వాటి పక్కన పాతవాళ్లు రాసిన ముక్కలు రాలేదు. అవి రికార్డు గదిలోనే ఉండిపోయాయి.

పని అంటే కష్టమేమీ కనపడని కష్టం. ఫ్రేము తెరవడం, ఆకాశ పటంతో పోల్చడం, నక్షత్రాలు కప్పెయ్యడం, మిగిలిన వెలుగు ఎక్కడిదో చూడటం. ఉపగ్రహం పక్కకు తిరిగినా వెలుగు ఫ్రేములో అదే మూలన ఉంటే అది పరికరం జబ్బు. ఆకాశంతోపాటు జరిగితే అది ఆకాశానిది. మాటల్లో చెబితే ఇంతే. పద్నాలుగు వందల ఫ్రేములు అలా తిప్పి తిప్పి చూసింది ఆమె. కుడిచేతి చూపుడు వేలు రాత్రిళ్లు కూడా కదిలేదని భర్త ఏడిపించేవాడు. పద్నాలుగు వందల్లోనూ ఆ వెలుగు ఆకాశాన్నే అంటిపెట్టుకుని ఉంది. తేల్చడం వేరట! ఇది తేల్చడం కాకపోతే మరేమిటని తెరతోనే పోట్లాడింది.

బుధవారం పదకొండింటికి ప్రొఫెసరుగారు స్వయంగా విభాగానికి వచ్చారు. ఆయన ఆ గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందో! పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రికార్డు అడిగావట."

"అవును సార్."

"అడగొచ్చు, నీ హక్కు. కానీ నా మాట విను. ఇలాంటి మబ్బులు ఇంకా దొరుకుతాయి. తర్వాతి పేపర్లో నీ పేరు వేస్తాను. ఇప్పుడు గొడవైతే అందరికీ నష్టం. రేపు నీతో కలిసి పనిచెయ్యాలంటే ఎవరైనా జంకుతారు."

"ఎనిమిది నెలల కిందటి మాట కూడా మీదే కద సార్."

ఆమె అంత మాట అంటుందని ఆయన అనుకోలేదు. కుర్చీ ఎక్కడిదక్కడ పెట్టకుండానే వెళ్లిపోయారు. ఆ కుర్చీని ఆమె దాని చోటికి నెట్టింది. చాలా ఏళ్లకు తన వెన్నెముక తనకు తగిలినట్టనిపించింది.

భోజనాల వేళ దాటాక రికార్డుల గుమాస్తా కట్ట తెచ్చి ధన్‌మని పడేశాడు. "పన్నెండేళ్ల చరిత్రమ్మా. నా ప్రింటరు ప్రాణం పోయింది."

ఆమె స్కేలు తీసి మొదటి పేజీ మీద అడ్డంగా పెట్టింది. ఒక్కో వరసా దించుకుంటూ చదవడం ఆమె పద్ధతి. పదకొండు ఎక్కడ కనపడితే అక్కడ పెన్సిలుతో సున్నా చుట్టాలనుకుంది. నలభై పేజీలు గడిచాయి. తొమ్మిదేళ్ల కిందటి తేదీ దగ్గర స్కేలు ఆగింది.

'మూడు: పటంలో ఇక్కడ ఏమీ లేదు. అయినా వెలుగుంది. గీతకు రెండు మూపురాలు, ఒంటెలాగా. పరికరం జబ్బయితే ఒకటే ఉండాలి. తీసెయ్యొద్దు. ఎవరినైనా అడగాలి.'

రెండుసార్లు చదివింది. ఒంటె. తన మాట అనుకున్నది తన మాట కాదు. ఎప్పుడో పక్క కుర్చీలోంచి చెవిన పడి, లోపల ఎక్కడో ఉండిపోయి, తన సొంతమైపోయి బయటికొచ్చింది. ప్రొఫెసరుగారి మీద మూడు రోజులుగా నూరుతున్న కత్తి పిడి ఒక్కసారిగా చేతిలో వేడెక్కింది.

స్కేలు ఒక వరస దించింది. దించకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

'పదకొండు: నిబంధన ప్రకారం తిరస్కరించాను. పటంలో ఏమీ లేనిచోట వెలుగు పరికరం జబ్బే. మూడో నంబరు ఈ నెలలో ఇలాంటివి చాలా వదిలేసింది. చూపు సమస్య కావచ్చు. ఆమె చూసినవన్నీ మళ్లీ చూడాలి.'

కింది వరసల్లో మూడో నంబరు ఇంకో నాలుగుసార్లు వచ్చింది. పేజీ తిప్పింది. మరుసటి నెల మూడు లేదు. ఆ తర్వాత నెలా లేదు. స్కేలు పక్కన పెట్టి కట్ట చివరిదాకా గబగబా తిప్పింది. ఎక్కడా లేదు.

రాసినట్టు గుర్తుందా అంటే గుర్తుంది. పనిలో చేరి మూడు నెలలైంది అప్పటికి. నిబంధనల పుస్తకం నోటికి వచ్చని పొగరుగా ఉండేది. ఫ్రేముల గురించి రాశాను గానీ మనిషి గురించి కాదుగా అని అప్పుడే సర్దిచెప్పుకుంది. పెద్దక్కను కిందకు పంపిన రోజు అందరితోపాటు అయ్యో అంది. ఆ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏనాడూ చూడలేదు. పద్నాలుగు వందల ఫ్రేములు పోల్చి చూసిన కళ్లకు ఇది కనపడలేదంటే, చూడకూడదనుకుంది కాబట్టే.

నాలుగు కొట్టింది. ఆమె కిందకు వెళ్లలేదు.

గురువారం రికార్డు గదికి వెళ్లి, మొత్తం కట్ట పెట్టాల్సిందేనా అని అడిగింది.

గుమాస్తా చెవి వెనక నుంచి పెన్ను తీసి బుర్ర గోక్కున్నాడు. "రూలైతే మొత్తమే. కానీ నీకు కావాల్సింది ఈ ఎనిమిది నెలలదేగా? పైన 'సంబంధిత పేజీలు' అని ఒక కాగితం కుట్టేస్తే సరి. పన్నెండేళ్లది కూర్చుని ఎవడు చదువుతాడమ్మా?"

చదవరు. అది నిజం. ఆమె ఎనిమిది నెలల పేజీలు వేరుగా తీసి, అంచులు సమంగా వచ్చేలా బల్లకు తట్టింది. ఎంత ముచ్చటగా ఉందో ఆ చిన్న కట్ట! నిండా పదకొండే. అన్యాయమేముంది ఇందులో? పెద్దక్క ఒక్క ఫ్రేము చూసి ఒక ముక్క రాసింది. ఆకాశానిదా పరికరానిదా అని పద్నాలుగు వందలసార్లు తిప్పి చూసింది తను. పెద్దక్క చూసింది, కాదనను. కానీ చూడటం వేరు, తేల్చడం...

మాట పూర్తికాకముందే ఆ గొంతు ఎవరిదో తెలిసింది. ప్రొఫెసరుగారు పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉంది. అదే మాట, అదే వరస, చివరికి ఆ 'కాదనను' కూడా. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

రెండు కట్టలూ కలిపి దారం కట్టింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి బైండింగు గదికి వెళ్లింది. పెద్దక్క ఒక లావుపాటి పుస్తకం వెన్నుకు గుడ్డ అతికిస్తోంది.

"రెండు రోజులు ఎటుపోయావే? టీ అంతా నేనే తాగితే రాత్రి నిద్ర పట్టలేదు. వేశావా పత్రం?"

"నీ సంతకం కావాలి పెద్దక్కా."

"నా సంతకమా? నేనెందుకు?"

ఆమె పత్రం బల్లమీద పెట్టింది. 'ఈ వెలుగును మొదట గుర్తించినవారు' అన్నచోట మూడో నంబరు, పక్కన పెద్దక్క పూర్తి పేరు ఉన్నాయి. 'నిర్ధారించినవారు' అన్నచోట పదకొండు. పెద్దక్క చేతులు తుడుచుకుని, దగ్గరగా వంగి చదివింది. మళ్లీ చదివింది. తొమ్మిదేళ్లుగా ఎవరూ పిలవని ఆ నంబరు మీద వేలు పెట్టింది.

"నేనా? నేనెప్పుడు చూశానే దీన్ని?"

"రికార్డులో ఉంది."

"ఏదీ?" పెద్దక్క మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడటం ఆమె వల్ల కాలేదు. కట్టలో ఎర్ర దారం పెట్టిన పేజీ తెరిచి, తల పక్కకు తిప్పుకుంది.

"'రెండు మూపురాలు, ఒంటెలాగా...' అవునే! నేనే! మొన్న నువ్వు ఒంటె అనగానే ఎక్కడో తగిలింది. 'ఎవరినైనా అడగాలి...' చూశావా, రాశాను, అడగాలని రా..."

గొంతు ఆగింది. కింది వరస చదువుతోందని ఆమెకు తెలుసు. గదిలో జిగురు వాసన ఎక్కువైనట్టనిపించింది. పైన ఎవరో కుర్చీ జరిపారు.

"ఇది నువ్వా?"

"నేనే పెద్దక్కా."

"ఆయన అనుకున్నాను." పెద్దక్క ఇంకా కాగితం మీదే చూస్తోంది. "తొమ్మిదేళ్లు ఆయన్నే తిట్టుకున్నాను."

"నాకు అప్పుడు తెలీదు. చిన్నదాన్ని, రూలు పట్టుకుని... నువ్వు అప్పుడే ఎవరికైనా చెప్పి ఉంటే..."

పెద్దక్క తలెత్తింది. "చెప్పానే. ఎవరినైనా అడగాలని రాసి ఊరుకోలేదు. పక్కకు తిరిగి, ఇదేదో ఒంటెలా ఉంది, నువ్వొకసారి చూడవే అన్నాను. పక్క కుర్చీలో ఉన్నది నువ్వే. నిన్నే అడిగాను."

సోమవారం వరండాలో ప్రొఫెసరుగారి ముందు తను ఎలా నిలబడిందో, ఇప్పుడు తన ముందు పెద్దక్క అలాగే ఉంది. ఆ చూపుకు అవతలి వైపు ఎలా ఉంటుందో ప్రొఫెసరుగారికి తెలుసు, ఇప్పుడు తనకూ తెలుసు.

పెద్దక్క పెన్ను తీసుకుని, పత్రం మీద పూర్తి పేరుతో నిదానంగా సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఊదింది. కట్ట దారం ముడి వదులుగా ఉందని విప్పి, బైండింగు ముడి వేసి ఇచ్చింది.

"పట్టుకెళ్లి వెయ్యి. పన్నెండు దాటితే తీసుకోరు."

"పెద్దక్కా..."

పెద్దక్క కుళాయి దగ్గరకు వెళ్లి, పదకొండు అని రాసిన గ్లాసు లోపలా బయటా శుభ్రంగా కడిగింది. గుడ్డతో తడి లేకుండా తుడిచి, తెచ్చి పత్రాల కట్ట మీద పెట్టింది.

"ఇది నీది. దీన్ని కూడా తీసుకెళ్లు."